అన్నభేది, పెరాక్సైడ్ జోడీ: వరంగల్ కొత్తవాడ అద్దకం షెడ్ల రంగునీళ్లకు ఎంత పనికొస్తుంది?

జంపఖానాలకు నూలు అద్దేవాళ్లకు అన్నభేది పేరు కొత్త కాదు. ఆ ఫెర్రస్ సల్ఫేట్‌కే హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడైతే కరిగున్న రంగు కూడా విరిగిపోతుంది. ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త 1894లో బయటపెట్టిన చర్య ఇది. ఇనుము తగలగానే పెరాక్సైడ్ నుంచి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చాలా చురుకైన కణాలు పుట్టి రంగు అణువును ముక్కలు చేస్తాయి. చిన్న అద్దకం షెడ్డుకు అయిదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. తగ్గిన ఆ ఒక్కటీ అడుగున మిగిలే మడ్డికి.

అన్నభేది కొనేటప్పుడు సంచి విప్పించి చూడండి. లేత పచ్చ పలుకులుగా ఉండాలి. పైన పసుపు, గోధుమ పొడి పట్టిందంటే గాలికి ఆక్సీకరణ చెంది ఫెర్రిక్‌గా మారినట్టే, చర్య మందగిస్తుంది.

200 లీటర్ల డ్రమ్ము జాడింపు నీళ్లకు లెక్క ఇది. ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్ (పులుపు, క్షారం కొలిచే అంకె) 3కు దించాలి. సోడా ఉన్న నీళ్లు బుస్సున పొంగుతాయి, డ్రమ్ము అంచుదాకా నింపొద్దు. తర్వాత 50 నుంచి 100 గ్రాముల అన్నభేది కరిగించి, 50 శాతం పెరాక్సైడ్ సుమారు 170 మి.లీ.ను నాలుగు విడతలుగా పోయాలి. ఒక్కసారే గుమ్మరిస్తే పెరాక్సైడే రాడికల్స్‌ను మింగేస్తుంది. గంటసేపు కలిపాక నీళ్లు కాస్త నారింజ రంగులో కనిపిస్తాయి. అది ఇనుముది, అద్దకం రంగు పోలేదని కంగారుపడి ఇంకో విడత పోయకండి. సున్నంపాలతో పీహెచ్‌ను 8కి తెస్తే ఇనుము మడ్డిగా దిగుతుంది.

మడ్డి కిందికి దిగక పైకి తేలుతోందా? మిగిలిన పెరాక్సైడ్ విరిగి ఆక్సిజన్ బుడగలు లేస్తున్నాయి, అవే మడ్డిని మోసుకొస్తున్నాయి. మెల్లగా కలుపుతూ బుడగలు ఆగేదాకా ఆగాలి. బుడగలు ఆగకముందే సీఓడీ (నీళ్లలో కాలుష్యం ఎంతుందో చెప్పే) పరీక్షకు శాంపిల్ పంపితే మిగిలిన పెరాక్సైడ్ వల్ల అంకె ఎక్కువ వస్తుంది, అదొక చిక్కు.

నూలుతో రసాయనికంగా కలిసిపోయే రియాక్టివ్ రంగులకు ఇది బాగా పనిచేస్తుంది. నీళ్లలో కరగని వ్యాట్ రంగులకు ఇంత ఖర్చు దండగ, అవి సున్నం, పటికతోనే చాలావరకు దిగిపోతాయి. ఉప్పు దట్టంగా ఉన్న మొదటి తొట్టి నీళ్లలో క్లోరైడ్ అడ్డుపడుతుంది. పైగా ఉప్పు ఎక్కడికీ పోదు, కాబట్టి నీళ్లు తేటపడ్డాయని పొలానికి మళ్లించొద్దు. సల్ఫర్ బ్లాక్ అనే గంధకపు నల్లరంగు నీళ్లలో మాత్రం యాసిడ్ అసలే పోయకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు వస్తుంది, ప్రాణాలకే ముప్పు.

అన్నభేదికి బదులుగా, తిరిగి వాడుకోవచ్చంటూ అమ్మే ఇనుప గుళికల దగ్గర మోజు పడొద్దు. పీహెచ్ 3 దగ్గర వాటి ఇనుము కరిగి నీళ్లలోకి దిగుతుంది, చాలాసార్లు పని చేసేది ఆ కరిగిన ఇనుమే. ఇంకో ప్రత్యామ్నాయమైన టైటానియం డయాక్సైడ్ పొడికి అతినీలలోహిత కాంతి కావాలి. చిక్కటి రంగునీళ్లలో అది లోపలికి దిగదు.

వరంగల్ మే ఎండల్లో పెరాక్సైడ్ క్యాను నీడలోనే ఉండాలి. గాలి వదిలే మూతే వాడాలి. ఇనుప గరిట ముంచొద్దు, కొలిచాక మిగిలింది మళ్లీ క్యానులో పోయొద్దు. చిటికెడు తుప్పు పడినా క్యాను ఉబ్బుతుంది. మడ్డిని ఎండబెట్టి సంచుల్లో కట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. ఆ రవాణా ఖర్చును మొదటి రోజే లెక్కలో వేసుకోండి.