18 అంగుళాలా, 25 అంగుళాలా? రంపం మిషనుకు ఏ బారు మేలు

పోయిన నెల మా బ్యాచికి కొత్త రంపం మిషను కొన్నాను. స్టిల్ కంపెనీ ఎంఎస్ 382. 72.2 సీసీ, బారూ (చైను దేని చుట్టూ తిరుగుతుందో ఆ పొడుగాటి పట్టీ) చైనూ లేకుండా 6.2 కిలోలు. అప్పటి నుంచి తెనాలి రోడ్డులో చెట్లు కొట్టే కుర్రాళ్ళు, నందిగామ వైపు సుబాబుల్ కోసే మేస్త్రీలు ఫోన్ చేసి ఒకటే ప్రశ్న: "అన్నా, స్టిల్ మేలా, హస్క్‌వర్నా మేలా?" నేను ముందు, బారు ఎంత పెట్టించాలనుకుంటున్నావని అడుగుతాను. పదిమందిలో ఏడుగురు 25 అంటారు. అంత మిషనుకు చిన్న బారు ఏం ఆనుతుందని వాళ్ళ మాట. నా దానికి నేను 18 పెట్టించాను. మిషను పేరు కన్నా ఇదే పెద్ద విషయమని నా నమ్మకం.

నేనూ ఒకప్పుడు పొడుగు బారు మోజులో పడినవాణ్ణే. ఆరేళ్ళ కిందట నా దగ్గరున్నది 45 సీసీ మిషను. 16 అంగుళాల బారు తీసేసి, ఒక షాపులో 20 వేయించాను. మంగళగిరి దగ్గర ఒక చింతమాను పని వచ్చింది. పైన తెల్లచెక్క బాగానే తెగింది. లోపల నల్లటి చేవలోకి దిగేసరికి చైను ఆగి ఆగి తిరగడం మొదలుపెట్టింది. అప్పటిదాకా నూకల్లా రాలిన పొట్టు పిండిలా రాలింది. క్లచ్చి దగ్గర కాలిన వాసన. బారు బయటికి లాగి చూస్తే అంచు వెంబడి నీలం రంగు తేలింది. ఆ బారు మళ్ళీ పనికి రాలేదు, ఆ రోజు కూలీ కూడా పోయింది.

ఎందుకలా అయిందంటే, బారు నిండా దుంగలోకి దిగినప్పుడు పళ్ళన్నీ ఒకేసారి చెక్కను పట్టుకుంటాయి. వాటన్నిటినీ లాగే సత్తువ ఇంజనుకు ఉండాలి. దానికి తోడు చిన్న మిషను ఆయిల్ పంపు పోసే ఆయిల్ పొడుగు బారు కొసదాకా చాలదు. ఏ మిషనైనా సరే, పని మొదలుపెట్టే ముందు బారు కొసను ఒక పాత దుంగ మీదకు చూపించి రేజ్ చెయ్యండి. చెక్క మీద సన్నటి ఆయిల్ గీత పడాలి. పడకపోతే కొయ్యొద్దు.

"మరి 72 సీసీకి సత్తువ ఉందిగా, 25 లాగుతుందిగా" అంటారు. లాగుతుంది, కాదనను. కానీ మీరు రోజూ కోసే మాను లావెంత? సుబాబుల్, జామాయిల్, సరుగుడు అయితే జానెడు కూడా ఉండదు. మామిడి తోట తీసేసినా ఎక్కువ దుంగలు అడుగు, అడుగున్నర మధ్య ఉంటాయి. అడుగు దుంగలో 25 బారు పెడితే మరో అడుగు అవతలికి పొడుచుకు వస్తుంది. ఆ కొస మట్టిని తాకుతుంది, రాయిని తాకుతుంది, కంచె తీగను తాకుతుంది. ఒక్కసారి మట్టి తగిలితే చాలు, అరగంట సానబట్టింది పోయినట్టే. కొస పైభాగం దేనికైనా తగిలితే మిషను మన మొహం మీదకు లేస్తుంది. అవతలికి పొడుచుకు వచ్చిన కొస కంటికి ఆనదు, అదే నా భయం.

ఇక సాన సంగతి. స్టిల్ 3/8 చైనులో (3/8 అంటే లింకుల ఎడం కొలత, అంగుళాల్లో) 18 అంగుళాల బారుకు గాడిలో నడిచే లింకులు 66, రెండింటికొక పన్ను లెక్కన 33 పళ్ళు. 25కి 84 లింకులు, 42 పళ్ళు. ట్యాంకు నింపిన ప్రతిసారీ 5.2 మిల్లీమీటర్ల ఆకురాయితో ఒక్కో పంటికి రెండు మూడు తోపులు వేసే అలవాటు నాది. తొమ్మిది పళ్ళు తక్కువైతే సాయంత్రానికి చేతికి తెలుస్తుంది. ముందు బరువు తగ్గితే నడుముకూ తెలుస్తుంది.

పెద్ద మాను వస్తే? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటాక ఆ వైపు పనికి వెళ్ళాం. రోడ్డుకు అడ్డంగా నిద్రగన్నేరు మాను, 30 అంగుళాల పైనే ఉంది. "బాబాయ్, మన బారు 18 ఏగా, ఎట్లా?" అన్నాడు మావాడు. ముందు అవతలి పక్క నిలబడి సగం దాకా కోశాం, తర్వాత ఇవతలి పక్కనుంచి. కోత మూసుకుపోకుండా చెక్క చీలిక కొట్టాం. అడుగున నాలుగు వేళ్ళ మందం మిగలగానే ఆపి, గడ్డపారలతో దొర్లించి మిగిలింది పైనుంచి తెంపేశాం. రెండు పక్కల నుంచి కోస్తే బారుకు రెట్టింపు కాస్త తక్కువ లావు దాకా తెగుతుంది. అలాంటి మాను నెలకొకటి వస్తుంది. దానికోసం మిగతా 29 రోజులు 25 అంగుళాలు మొయ్యడం నాకు సబబనిపించదు. అవే మీ రోజువారీ పని అయితే 25 బారు ఒకటి విడిగా కొని పెట్టెలో ఉంచండి. మార్చడానికి రెండు నట్లే.

స్టిల్, హస్క్‌వర్నా సంగతికొస్తే, 382కి సాటి హస్క్‌వర్నా 372 ఎక్స్‌పీ, 70.7 సీసీ. రెండూ రోజంతా కొట్టడానికి చేసినవే, కోతలో నాకు చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ 382 విప్పి బిగించడంలో ఆరితేరినవాడు, అందుకే అది తీసుకున్నా. మీకు దగ్గర్లో ఎవరి చెయ్యి దేనికి అలవాటైతే అది కొనండి. సుబాబుల్ ఒక్కటే కోసేవాళ్ళకు ఇవి రెండూ దండగ. ఎంఎస్ 250, 45.4 సీసీ, 16 అంగుళాల బారు చాలు. 90 సీసీ మిషన్లు కోత మిల్లు వాళ్ళకే. ఆన్‌లైన్‌లో 58 సీసీకి 22 అంగుళాల బారు తగిలించి అమ్మేవి వద్దు. బ్యాటరీవి ఇంటి పెరట్లో కొమ్మలకు బాగుంటాయి.

చైను కొనేటప్పుడు మాత్రం "18ది ఇవ్వు" అని ఊరుకోవద్దు. స్టిల్ 18కి 66 లింకులైతే హస్క్‌వర్నా 18కి 68. బారు గాడి వెడల్పు కూడా స్టిల్‌ది 1.6, హస్క్‌వర్నాది 1.5 మిల్లీమీటర్లు. బార్లు ఒకదానివి ఒకదానికి పట్టవు. పాత చైను చేతిలో పట్టుకెళ్ళి, కౌంటర్ మీద లింకులు లెక్కపెట్టి తెచ్చుకోండి.