మా మారుతి 800కి కొన్న స్ప్రింగ్ కంప్రెసర్

మా నాన్నగారు 1997లో కొన్న మారుతి 800 ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఈమధ్య ముందు కుడివైపు కాస్త కిందికి వాలి, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ఠంగుమని మోగుతోంది. చూస్తే స్ప్రింగ్ కింది చుట్టు విరిగింది. రాజమండ్రిలో మాకు అలవాటైన మేస్త్రి దగ్గరికెళ్తే, "స్ప్రింగ్‌కి బైండింగ్ వైరు నాలుగు చుట్లేసి, దాన్ని నొక్కిపట్టిన నట్టు ఊడదీసేద్దామండీ, ఎప్పుడూ అలాగే తీస్తాం" అన్నారు. షెడ్డు పైరేకుకి పెద్ద సొట్ట కనిపిస్తోంది. అదేంటని అడిగాను. "ఓసారి స్ప్రింగ్ ఎగిరిందండి" అని నవ్వేశారు.

నాకు నవ్వు రాలేదు. బండి బరువు దాదాపు 650 కిలోలు, ఇంజన్ ముందే ఉంటుంది కాబట్టి ముందు ఒక్కో స్ప్రింగ్ ఇంచుమించు 200 కిలోలు మోస్తుంది. స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) బయటికి తీశాక అంత ఒత్తిడి ఉండదు గానీ, మనిషి మొహం పగలడానికి మిగిలింది చాలు. ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో, స్ప్రింగ్‌ని నొక్కిపట్టే కంప్రెసర్ జత తెప్పించాను, 1,400 రూపాయలు.

రెండు పొడవాటి మరల కడ్డీలు, ఒక్కోదానికి రెండు కొక్కేలు, అవి జారిపోకుండా లాక్ పిన్నులు. ఇనుము గట్టిదే. కానీ మరలకి గ్రీజు చుక్క కూడా లేదు, ఒక పిన్ను రంధ్రంలో పెయింటు గడ్డకట్టింది. అది గీకి, గ్రీజు పూసేసరికి అరగంట పట్టింది. ఎలా వాడాలో చెప్పే కాగితమైతే అసలు లేదు.

బండిని జాకీ మీదే వదిలేయకుండా స్టాండు మీద నిలబెట్టి, స్ట్రట్ మొత్తం విప్పి వరండాలోకి తెచ్చాను. కడ్డీలు రెండూ ఎదురెదురుగా ఉండాలి. తుప్పు తిన్న చుట్టుకి కాకుండా గట్టి చుట్టుకి కొక్కెం వేయాలి. ఇటు రెండు తిప్పులు, అటు రెండు తిప్పులు. నేను మాటల్లో పడి ఎడమవైపు ఆరేడు తిప్పులు ఎక్కువ తిప్పేశాను. స్ప్రింగ్ విల్లులా వంగింది, ఒక కొక్కెం కిర్రుమంది. చెమటలు పట్టాయి. పక్కకి జరిగి, నెమ్మదిగా వెనక్కి తిప్పి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. సాయానికొచ్చిన కుర్రాడు "నట్లు తిప్పే గన్ పెడితే నిమిషంలో అయిపోద్దండి" అన్నాడు. ఈ కడ్డీలకి గన్ పెట్టకూడదు, స్పానరే వాడాలి. విసవిసా తిరిగితే మరలు అరుగుతాయి, రెండు వైపులా సమానంగా దిగుతున్నాయో లేదో కూడా తెలియదు.

స్ప్రింగ్ తన సీటు (అది కూర్చునే పళ్లెం) మీద వదులై, చేత్తో తిప్పితే తిరగాలి. అప్పటిదాకా పైన నడిమి నట్టు జోలికి పోకూడదు. తిరిగినా సరే, మొహం దానికి ఎదురుగా పెట్టొద్దు. ఈ ఒక్కటి గుర్తుంటే చాలావరకు గట్టెక్కినట్టే. కొత్తది ఎక్కించేటప్పుడు చుట్టు కొస సీటులోని మెట్టుకి ఆనిందో లేదో చూసుకోండి. నేను చూసుకోక ఒకసారి విప్పి మళ్లీ బిగించాను.

మొదటి వైపు నాలుగు గంటలు, రెండోది గంటన్నర. ఒకటే విరిగినా రెండూ మార్చాను, లేకపోతే బండి ఒక పక్కకి ఒరుగుతుంది. తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాను. ఇప్పుడు చప్పుడు లేదు.

కొనొచ్చా అంటే, స్ట్రట్ ఉన్న చిన్న కార్లకి కొనొచ్చు. ఐదుకి మూడున్నర ఇస్తాను, ఆ అర తగ్గింది పెయింటు పిన్నుకి, ఒకటి కాగితం లేనందుకు. పాత ప్రీమియర్ పద్మిని కారు ఉన్నవాళ్లు మాత్రం ఆగండి. దాని ముందు స్ప్రింగ్ రెండు విష్‌బోన్‌ల (చక్రాన్ని పట్టుకునే V ఆకారపు చేతులు) మధ్య ఉంటుంది, కొక్కెం దూరే సందుందో లేదో ముందు కొలుచుకోండి. పదేళ్లకోసారి వాడేవాళ్లు, ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోవడం మేలు.

నా దగ్గర మాత్రం అడక్కండి. పోయిన ఆదివారం మేస్త్రి వచ్చి "రెండ్రోజుల్లో ఇచ్చేస్తానండి" అని పట్టుకెళ్లారు, ఇంకా రాలేదు.