ఆరేళ్లుగా వాడుతున్న యాక్సెసిబుల్ టెక్స్ట్‌బుక్కులు: స్కాన్ పీడీఎఫ్, ఈపబ్, డైసీ, బ్రెయిలీ

నాకు చూపు లేదు, ఆరేళ్ల నుంచి చదువంతా స్క్రీన్ రీడర్ (స్క్రీన్ మీదున్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్), బ్రెయిలీ మీదే నడుస్తోంది. మొదట్లో సాఫ్ట్ కాపీ ఉందంటే చాలు ఎగిరి గంతేసేవాణ్ణి. ఇప్పుడైతే ఎలాంటి సాఫ్ట్ కాపీ అని ముందు అడుగుతా.

స్కాన్ పీడీఎఫ్ కూడా సాఫ్ట్ కాపీయే కదా మరి, కానీ అది వట్టి ఫొటో, స్క్రీన్ రీడర్ దాని ముందు నోరు మూసుకుని కూర్చుంటుంది. ఓసీఆర్ చేశాం, అంటే ఫొటోలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చాం, తీసుకో అని ఒకసారి ఆల్జీబ్రా పుస్తకం ఇచ్చారు, అందులో ఎక్స్ స్క్వేర్ ఉన్న చోటల్లా పైనున్న 2 కిందికి దిగిపోయింది, 'ఎక్స్ టూ' అని చదువుతుంటే నేనేమో ఎక్స్ ఇంటూ టూ అనుకుని చాప్టర్ మొత్తం చేసుకుంటూ పోయా. ఒక్క ఆన్సరూ కలవదు. రెండ్రోజులు నా బుర్రనే తిట్టుకున్నా.

అవే లెక్కలు ఈపబ్‌లో (ఇదో ఈ-బుక్ ఫార్మాట్) మ్యాథ్‌ఎంఎల్‌తో, అంటే లెక్కల్ని వాటి అమరికతో సహా రాసే కోడ్‌తో పెడితే, స్క్రీన్ రీడర్ స్క్వేర్‌ని స్క్వేర్‌గానే చదువుతుంది, భిన్నం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో కూడా చెప్తుంది. 'ఏ ప్లస్ బీ బై సీ' అని ఊరికే వింటే సీ పైన ఉన్నది బీ ఒక్కటేనా, ఏ ప్లస్ బీ మొత్తమా, ఎలా తెలుస్తుంది?

హిస్టరీ లాంటివాటికి డైసీ ఆడియో (మాలాంటోళ్ల కోసం చాప్టర్ల గుర్తులతో చేసే ఆడియో పుస్తకం) హాయి, చాప్టర్ నుంచి చాప్టర్‌కి దూకేయొచ్చు. క్లాసులో 'పేజీ 112 తీయండి' అంటే అందరితోపాటు నేనూ తీయాలంటే మాత్రం ఫైల్లో ప్రింట్ పేజీ నంబర్లు ఉండాలి. ఈపబ్‌లోనూ పెట్టొచ్చు, పెట్టరు. హెడింగులూ అంతే, అక్షరాలు పెద్దవి చేసి బోల్డ్ కొడితే చూసేవాళ్లకి హెడింగే, నా స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏలో తర్వాతి హెడింగ్‌కి వెళ్దామని హెచ్ నొక్కితే 'నో నెక్స్ట్ హెడింగ్' అంటుంది. బొమ్మల దగ్గర 'త్రిభుజం బొమ్మ' అని రాసి వదిలేస్తారు, భుజాల కొలతలు ఎవరు చెప్తారు బాబూ.

కాగితం మీది బ్రెయిలీ మోత బరువే, ఒక్క ప్రింట్ పుస్తకం బోలెడు వాల్యూములవుతుంది. అయినా లెక్కలకి నా ఓటు దానికే. ఎడమ వేలు పై స్టెప్ మీద ఉంచి కుడిచేత్తో కింది స్టెప్ చూసుకోవచ్చు. నా 40 సెల్స్ (అంటే 40 చుక్కల గళ్లు) ఎలక్ట్రానిక్ బ్రెయిలీ డిస్‌ప్లేలో అయితే వేలికి తగిలేది ఒక్క లైనే, పై స్టెప్ కావాలంటే బటన్ నొక్కి వెనక్కెళ్లాలి.

అన్నిటికన్నా పెద్ద కంప్లైంట్ లేటు. అడిగితే కాపీరైట్ అంటారు, కానీ మాలాంటోళ్ల కోసం పర్మిషన్ లేకుండానే ఇలాంటి కాపీలు చేసుకునేలా, సభ్య దేశాల మధ్య పంపుకునేలా మరకేష్ ఒప్పందం 2013లోనే కుదిరింది, 2016లో అమల్లోకొచ్చింది కూడా. నాకు ఒక సబ్జెక్ట్ పుస్తకం సగం సిలబస్ అయ్యాక చేతికొచ్చింది. అప్పటిదాకా నా ఫ్రెండ్ రాత్రిళ్లు చదివి ఫోన్లో రికార్డ్ చేసి పంపేవాడు. అవి ఇంకా దాచుకున్నా, మధ్యలో వాడి ఆవలింతలతో సహా.