సంచి గోబర్ గ్యాస్: 14 నెలలు వాడాక

మా ఇల్లు అంబాజీపేట దగ్గర కొబ్బరితోటలో ఉంది. మూడు గేదెలు, ఇంట్లో ఐదుగురం. గోబర్ గ్యాస్ మాకు కొత్త కాదు. 1980ల్లో మా మామగారు ఇటుకలతో గుమ్మటం కట్టించారు. కోనసీమలో వానాకాలం నాలుగడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి కదా, ఆ గుమ్మటం కొన్నేళ్లకే బీటలు వారింది. గొయ్యి పూడ్చి అరటి వేశాం. అందుకే ఈసారి తవ్వకం పెద్దగా లేకుండా నేలమీద పరిచే మందపాటి సంచి రకం తీసుకున్నాను.

రోజూ పొద్దున్నే మూడు బక్కెట్ల పేడ, అన్నే నీళ్లు కలిపి పోస్తాం. మొదట్లో వచ్చిన గ్యాస్ మండలేదు, దాన్ని వదిలేయాల్సి వచ్చింది. 24వ రోజున నీలం మంట వచ్చింది. అన్నం, పప్పు, టీ, చేపల పులుసు అన్నీ దీనిమీదే. మంట నెమ్మది, అయినా పులుసుకు అదే మంచిది. సంక్రాంతికి అరిసెలు వండాలంటే మాత్రం చాలదు. పైగా ధనుర్మాసం చలికి గ్యాస్ కూడా తగ్గుతుంది. అప్పుడు సిలిండర్ తీస్తాను. ఇదివరకు నెలకో సిలిండర్ అయ్యేది, ఇప్పుడు మూడున్నర నెలలు వస్తోంది. కిలో సిలిండర్ గ్యాస్ కాలిస్తే సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఏడాదికి 8 సిలిండర్లు తగ్గాయంటే, 14.2 కిలోల చొప్పున లెక్కేస్తే 340 కిలోలు.

నాకు అంతకంటే ముఖ్యం అనిపించింది వేరే ఉంది. వానకు నానిన పెంటగొయ్యిలో బుడగలు రావడం కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. అది మీథేన్ అని అగ్రికల్చర్ చదువుతున్న మా మేనల్లుడు చెప్పేదాకా తెలియదు. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అదే పేడను సంచిలో పోస్తే, ఆ మీథేన్ పొయ్యిలో మండి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అయిపోతుంది. ఆ కార్బన్ కూడా గేదె తిన్న గడ్డి గాలిలోంచి తీసుకున్నదే. సిలిండర్ గ్యాస్‌లా భూమి లోపల్నుంచి తవ్వి తెచ్చింది కాదు. అంతర్వేది వైపు ఉన్న మా పిన్నిగారింట్లో బోరు నీళ్లు ఉప్పగా మారడం చూశాక, సముద్రం పెరుగుతోందన్న మాట నాకు పేపర్లో వార్తలా అనిపించడం లేదు.

అందుకే సర్వీసు విషయంలో నాకు చాలా కోపం వచ్చింది. నాలుగో నెలలో పైపు జాయింటు దగ్గర గ్యాస్ కారింది. అమ్మినవాళ్లకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా "రేపు వస్తామండీ" అన్నారు. వచ్చింది 19వ రోజున. మండకుండా గాలిలోకి పోయే మీథేన్‌తో మనం చేసిన మేలంతా పోతుంది, వంటింట్లో అయితే ప్రమాదం కూడా. ఈ మాట అమ్మేటప్పుడు ఒక్కరూ చెప్పలేదు. సంచిని కొబ్బరిచెట్ల కింద పరిచింది కూడా వాళ్లే. మట్టలు, కాయలు పడే చోట ఎవరైనా పెడతారా? మేమే దాన్ని ఖాళీ చేసి, జరిపి, పైన వల కట్టించుకున్నాం.

గ్యాస్ పోగా సంచిలోంచి బయటికి వచ్చే స్లర్రీ, అంటే పలచటి పేడనీళ్లు, మాత్రం బంగారం. పచ్చి పేడ వాసన ఉండదు, ఈగలూ తక్కువే. కొబ్బరి పాదుల్లో పోస్తున్నాం, పెరట్లో బెండ, ఆనపకు కూడా.

సంచికి ఐదుకు నాలుగు, అమ్మినవాళ్లకు ఐదుకు ఒకటి ఇస్తాను. ఒక్క గేదె ఉన్నవాళ్లకు పేడ చాలదు, ఈ సైజు కొనొద్దు. కొనేవాళ్లు దగ్గర్లో రిపేరు మనిషి ఉన్నాడో లేదో ముందు కనుక్కోండి. గ్యాస్‌కు కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తుంటే ఫిల్టర్‌లో ఇనుపరజను మార్చాలి. నేను ప్రతి శుక్రవారం జాయింట్లన్నిటికీ సబ్బునురుగు రాసి చూస్తాను. బుడగ లేస్తే వాల్వు కట్టేసి, సరిచేశాకే పొయ్యి వెలిగిస్తాను.