సర్వేయర్ లైసెన్స్ వచ్చి ఏడేళ్ళు దాటింది, చెన్నై నుంచి నా రివ్యూ

ఇన్సూరెన్స్ సర్వేయర్, అంటే క్లెయిమ్ వచ్చినప్పుడు వెళ్ళి చూసి నష్టం ఎంతో లెక్కగట్టి కంపెనీకి రిపోర్ట్ ఇచ్చేవాడు, అలా అవ్వాలంటే ఏం చెయ్యాలి అన్నా అని వారానికి ఒకరైనా అడుగుతున్నారు, ఎక్కువమంది మన నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు మెకానికల్ చదివి చెన్నై వచ్చినవాళ్ళే, అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా. నేను 2016లో ట్రైనింగ్‌లో చేరా, 2018 మొదట్లో లైసెన్స్ చేతికొచ్చింది, మోటార్, ఫైర్ రెండూ ఉన్నాయి. లైసెన్స్ మూడేళ్ళకి ఇస్తారు కాబట్టి రెండుసార్లు రెన్యువల్ కూడా చేయించుకున్నా. ముందే చెప్పేస్తా, లైసెన్స్ మంచిదే, కానీ లైసెన్స్‌కి ముందు చెయ్యాల్సిన ఏడాది ట్రైనింగ్ ఎవరి దగ్గర చేశావు అన్నదాన్ని బట్టే అది నీకు అన్నం పెడుతుందా, ఫైల్లో కాగితంలా పడుంటుందా అన్నది తేలుతుంది.

2015 డిసెంబర్ వరదలప్పుడు నేను ఇక్కడే ఒక కార్ల సర్వీస్ సెంటర్లో అడ్వైజర్‌ని. యార్డ్ నిండా బురద కార్లు, లోపల కూర్చుంటే ఒకటే కంపు. రోజూ ఒక పెద్దాయన సర్వేయర్ వచ్చేవారు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని ఒక్కో కారు డోర్ తీసి, కార్పెట్ ఎత్తి, సీటు పట్టాల కింద వేలు పెట్టి ఒండ్రు తీసి చూసేవారు. నీళ్ళు ఎంత ఎత్తుకొచ్చాయో డోర్ ట్రిమ్ మీద గీత చూసి చెప్పేవారు. మాటల్లో తెలిసింది, మా నెల్లూరు వైపాయనే, పెరంబూరులో స్థిరపడ్డారు. నాకూ నేర్పుతారా సార్ అంటే "డిగ్రీ ఉందిగా అబ్బయ్యా, ఓపికుంటే రా" అన్నారు. అంతే, ఉద్యోగం మానేశా. ఇంట్లో నాన్న నెల రోజులు మాట్లాడలేదు.

ప్రొసీజర్ గురించి ఎక్కువ రాయను. లైసెన్స్ ఇచ్చేది ఇన్సూరెన్స్ రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ, 1938 ఇన్సూరెన్స్ చట్టంలో 64యూఎం సెక్షన్, దాని కింద 2015లో వచ్చిన సర్వేయర్ల రెగ్యులేషన్స్. ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్ళు, సీఏలు, కాస్ట్ అకౌంటెంట్లు రావచ్చు. సర్వేయర్ల సంస్థ ఐఐఐఎస్ఎల్ఏలో స్టూడెంట్ మెంబర్‌గా చేరాలి, లైసెన్స్ ఉన్న సీనియర్ దగ్గర 12 నెలలు ప్రాక్టికల్ ట్రైనింగ్ చెయ్యాలి, ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పెట్టే పరీక్ష పాసవ్వాలి. అందరికీ కామన్‌గా ఒక పేపరు, ఆ తర్వాత నువ్వు ఎంచుకున్న డిపార్ట్‌మెంట్‌కి ఒక్కో పేపరు. లైసెన్స్ వచ్చాక లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలో అని మెట్లు. పేర్ల విషయంలో మాత్రం మనవాళ్ళు జాగ్రత్త, డిగ్రీలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉండి, అది సరిచేయించుకోవడానికే నాకు నెలన్నర పోయింది. చేరకముందే సరిచేసుకోండి.

పరీక్ష అంత భయపడాల్సిందేం కాదు. మోటార్‌లో డిప్రిసియేషన్ పట్టిక, అంటే పాతబడినందుకు ఏ భాగానికి ఎంత కొయ్యాలో చెప్పేది, కంఠతా రావాలి, ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి 50 శాతం, ఫైబర్‌కి 30, అద్దానికి ఏమీ లేదు, ఇనుప భాగాలకి బండి వయసుని బట్టి. బండికి మూడు నిండి నాలుగో ఏడు నడుస్తుంటే 25 శాతం, అంటే 6 వేల ఫెండర్లో 1,500 కస్టమరే పెట్టుకోవాలి, 8 వేల బంపర్లో అయితే 4 వేలు. జీరో డెప్ అనే అదనపు కవర్‌కి కట్టినవాళ్ళకి ఈ కోత ఉండదు. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద తీసుకుంటారు. ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి, రెండు నెలలు గట్టిగా కూర్చుంటే వచ్చేస్తాయి.

పుస్తకంలో లేనిది నాకు వర్దా తుపానప్పుడు దొరికింది. 2016 డిసెంబర్ 12న అది చెన్నైని తాకింది, ఊళ్ళో ఎక్కడ చూసినా కూలిన చెట్లే, వాటి కింద కార్లే. అంబత్తూరులో ఒక వర్క్‌షాప్‌కి వెళ్ళాం, టాప్ మొత్తం నొక్కుకుపోయిన హ్యాచ్‌బ్యాక్, ఎస్టిమేట్ చూస్తే రూఫ్, అద్దంతో పాటు ఎడమ హెడ్‌లైటు, కింద చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ కూడా రాసేసున్నాయి. సార్ నన్ను కింద కూర్చోమన్నారు. హెడ్‌లైటు చెవి విరిగిన చోట టార్చ్ వేసి చూపించారు, విరుపు లోపల దుమ్ము పేరుకుని నల్లగా ఉంది, నిన్న మొన్న విరిగింది అలా ఉండదు, తెల్లగా మెరుస్తుంది. "చెట్టు పైనుంచి పడింది అబ్బయ్యా, లోయర్ ఆర్మ్‌కి దానికి ఏం సంబంధం?" అన్నారు. రెండూ కొట్టేశారు, వర్క్‌షాప్ మేనేజర్ మొహం మాడ్చుకున్నాడు. అక్కడితో ఆపి ఉంటే నేను ఈ పని అంటే కోతలు కొయ్యడమే అనుకుని ఉండేవాణ్ణి. ఆయన లేచి ముందు డోర్ మూసి, డోరుకీ పిల్లర్‌కీ మధ్య సందులో వేలు పెట్టి పైనుంచి కిందకి జరుపుతూ వచ్చారు, పైన వేలు దూరట్లేదు కింద దూరుతోంది, పిల్లర్ వంగింది, అది ఎస్టిమేట్లో లేనే లేదు. ఆ రిపేరు ఆయనే చేత్తో రాసి చేర్చారు. కస్టమర్‌కి రావాల్సిందీ మనమే చూడాలి, అతనికి తెలీదు కదా అన్నారు. ఈ ఒక్క పూట కోసమైనా ఆయన దగ్గర ఇంకో ఏడాది ఉండేవాణ్ణి.

పాత సామాన్ల ధర తెలియాలని చెన్నైలో పాత బండి సామాన్లు అమ్మే పుదుప్పేటకి కూడా తీసుకెళ్ళేవారు. డ్యామేజ్ అయిన డోరు స్క్రాప్‌లో ఎంతకి పోతుందో తెలీకుండా సాల్వేజ్ విలువ, అంటే పాడైన సామానుకి మిగిలే ధర, రాయడం తప్పు అని ఆయన పట్టుదల.

ఇక లోపం. ఫైర్ కూడా రాసి పాసయ్యా, కానీ ట్రైనింగ్ ఏడాదిలో నేను చూసిన ఫైర్ క్లెయిములు మూడంటే మూడు. సార్ దగ్గరికి ఎక్కువ మోటారే వచ్చేది. పేపరు పాసైతే ఆ డిపార్ట్‌మెంట్ లైసెన్స్‌లో పడిపోతుంది, చేతి పని మాత్రం రాదు, ఇది నాకు బాగా తగిలింది. 2019లో షావుకారుపేట దగ్గర ఒక ప్లాస్టిక్ సామాన్ల గోడౌన్ కాలింది, ఓనరు మన ఒంగోలాయన. కాలిన సరుకు 8 లక్షలు. పాలసీ 25 లక్షలకి తీసుకున్నారు, కానీ రిజిస్టర్లు, టాక్స్ రిటర్న్స్ కలిపి చూస్తే ఆ రోజు గోడౌన్లో ఉన్న సరుకు 40 లక్షలది. ఉన్న సరుకు కంటే తక్కువకి పాలసీ తీసుకుంటే క్లెయిమ్ కూడా అదే నిష్పత్తిలో తగ్గించే యావరేజ్ క్లాజ్ వేస్తే 8 లక్షలకి 5 లక్షలే వస్తుంది. ఆయన నా చెయ్యి పట్టుకుని "మనోడివి కదన్నా, స్టాక్ కొంచెం తగ్గించి రాయన్నా, పిల్ల పెళ్ళి పెట్టుకున్నా" అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రాయలేదు. కానీ ఆ లెక్క ఆయనకి ముందే కూర్చోబెట్టి చెప్పే పద్ధతి నాకు రాలేదు, కాగితం చేతికొచ్చాకే ఆయనకి అర్థమైంది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మాట్లాడటం ఏ పేపర్లోనూ లేదు, ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి చిన్న వ్యాపారాలకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ వచ్చింది, అందులో 15 శాతం వరకూ తక్కువకి ఇన్సూర్ చేసినా పట్టించుకోరు, అయినా ఇంత తేడా ఉంటే అదీ కాపాడదు. షాపులున్న మనవాళ్ళకి ఎప్పుడూ చెప్తుంటా, స్టాక్ పెరిగినప్పుడల్లా పాలసీ పెంచుకోండి అని.

మిచాంగ్ తుపాను, 2023 డిసెంబర్, ఇంకో రకం. పళ్ళికరణైలో ఒక తెలుగు కుర్రాడు నీళ్ళలో మునిగిన కారుని నీళ్ళు తగ్గగానే స్టార్ట్ చేశాడు, ఇంజన్లోకి నీళ్ళు పోయి కనెక్టింగ్ రాడ్ వంగింది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. మామూలు పాలసీలో శుభ్రం చేయించడం వరకూ వస్తుంది, స్టార్ట్ చెయ్యడం వల్ల పోయిన ఇంజన్‌కి ఇంజన్ ప్రొటెక్ట్ కవర్ ఉండాలి. అతనికి లేదు. ఈసారి మాత్రం రిపోర్ట్ పంపకముందే అరగంట కూర్చుని అన్నీ చెప్పా, రిపోర్ట్ నాదైనా ఆఖరి నిర్ణయం కంపెనీది అని, సర్వేయర్ మాటే తుది మాట కాదని 2009లో సుప్రీంకోర్టే చెప్పిందని, నచ్చకపోతే ఎక్కడికి వెళ్ళొచ్చో కూడా చెప్పా.

డబ్బుల సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ట్రైనింగ్‌లో నాకు పెట్రోలు ఖర్చే వచ్చింది, ఏడాదికి సరిపడా చేతిలో ఉంచుకుని దిగండి. లైసెన్స్ వచ్చాక కూడా పని దానంతటదే రాదు, కంపెనీ పని ఇచ్చే సర్వేయర్ల జాబితాలో, అంటే ప్యానెల్లో పడాలి, మొదటి ఏడాది నేను సగం రోజులు ఖాళీగా ఉన్నా. ఒక కంపెనీ ఫీజు బిల్లు 14 నెలలు ఆపింది. ఇప్పుడు నష్టం మోటార్‌లో 50 వేలు, మిగతా వాటిలో లక్ష వస్తేనే లైసెన్స్ ఉన్న సర్వేయర్ తప్పనిసరి, అంతకుముందు 20 వేలే ఉండేది, చిన్న క్లెయిములు చాలావరకూ ఫోన్లో ఫోటోలతో, కంపెనీ సొంత మనుషులతోనే అయిపోతున్నాయి. అందుకే ఒక్క మోటార్ నమ్ముకుని దిగొద్దని నా అభిప్రాయం.

చేరే ముందు ట్రైనర్‌ని ఒక్కటి అడగండి, పోయిన ఏడాది మీరు ఏయే డిపార్ట్‌మెంట్లలో ఎన్ని క్లెయిములు చేశారు సార్, నన్ను అన్నిటికీ తీసుకెళ్తారా అని. ఆయన విసుక్కుంటే ఇంకొకర్ని చూసుకోండి. నేను మళ్ళీ మొదలుపెడితే మోటార్ మాత్రం మా సార్ దగ్గరే నేర్చుకుంటా, కానీ ఫైర్ క్లెయిములు ఎక్కువ చేసే ఇంకో సీనియర్ వెంట వారానికి రెండు రోజులైనా తిరిగేవాణ్ణి, జీతం లేకపోయినా. ఇప్పుడు నా దగ్గర గూడూరు కుర్రాడొకడు ట్రైనింగ్‌లో ఉన్నాడు, ఫైర్ కాల్ వస్తే అర్ధరాత్రైనా వాణ్ణి లేపుతున్నా.