అనంతపురంలో టాటూ ఎక్కడ వేయించుకోవాలి: ‘అమ్మ’ అనే రెండక్షరాలతో స్టూడియోను కొలిచే పద్ధతి

అనంతపురం, కర్నూలు, కడప టౌన్లలో టాటూ వేసేవాళ్ళు ఇప్పుడు నాలుగు రకాలుగా దొరుకుతారు. తిరునాళ్ళలో చాప పరిచి బ్యాటరీ మిషన్‌తో వేసేవాళ్ళు ఒక రకం. సెలూన్‌లోనో, మొబైల్ అంగడి మూలనో కుర్చీ వేసుకుని వేసేవాళ్ళు రెండో రకం. ఇంట్లో ఒక గది కేటాయించుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్లు తీసుకునేవాళ్ళు మూడో రకం. సొంత స్టూడియో, బెడ్డు, చేతులు కడుక్కునే సింకు, అపాయింట్‌మెంట్ పద్ధతి ఉన్నవాళ్ళు నాలుగో రకం. తిరునాళ్ళ దగ్గర ఎంత చవకగా వేసినా కూర్చోవద్దు. అక్కడ ఒకే సూది వరసగా పదిమంది చేతుల్లో దిగుతుంది. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి అంటుకునే దారి అదే. రెండో రకం కూడా వద్దు, ఎందుకంటే వెంట్రుకలు ఎగిరే చోట, వచ్చేపోయే జనం మధ్య పచ్చి గాయం పెట్టడం సరికాదు. మిగిలిన రెండు రకాల్లో మాత్రం ఏసీ, లైట్లు, గోడమీద బొమ్మలు చూసి తేడా చెప్పలేం. ఇంటి గదిలో ఆసుపత్రంత శుభ్రంగా వేసేవాళ్ళున్నారు. పెద్ద బోర్డు కింద బోరునీళ్ళలో ఇంక్ కలిపేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి చూడాల్సింది చేతిపనిని, టేబుల్ మీద సామాన్లను.

చేతిపనిని కొలవడానికి మన ఊళ్ళలో అందరూ అడిగే పని ఒకటుంది: ‘అమ్మ’. రెండక్షరాలే గానీ చాలామంది చేయి అక్కడే దొరికిపోతుంది. తెలుగు అక్షరం గుండ్రం. ఇంగ్లీషు అక్షరాల్లో గీత ఒకవైపు కాస్త వణికినా స్టైల్ అని సరిపెట్టుకోవచ్చు. ‘అ’ లోపలి చుట్టు, ‘మ’ తలకట్టు, కింద మవత్తు తోక వణికితే ఎవరికైనా కనబడిపోతుంది. ఆర్టిస్టు ఫోన్‌లో తెలుగు అక్షరాల పని చూపించమనండి. వంపు మొదలైన చోటునుంచి ముగిసే చోటుదాకా గీత మందం ఒకేలా ఉందా, రెండు గీతలు కలిసేచోట ఇంక్ ముద్దయిందా, గీత పక్కన నీలం పొగలాంటి నీడ ఉందా అని జూమ్ చేసి చూడండి. ఆ నీడను బ్లోఔట్ అంటారు. ఇంక్ నిలవాల్సింది చర్మం రెండో పొరలో, అంటే సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతులో. అంతకంటే కిందికి, కొవ్వు పొరలోకి సూది దిగితే ఇంక్ పక్కలకు పారుతుంది. మరీ పైపైన పొడిస్తే పొట్టుతో పాటు రాలిపోయి గీత చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. ఒకే పనిలో ఈ రెండు తప్పులూ కనిపిస్తే ఆ చేతికి ఇంకా అదుపు రాలేదని అర్థం.

సైజు విషయంలో మంచి ఆర్టిస్టు మీతో వాదిస్తాడు. మణికట్టు మీద అర సెంటీమీటరు ఎత్తులో ‘అమ్మ’ కావాలంటే ‘అంత చిన్నదిగా వద్దన్నా, కనీసం సెంటీమీటరున్నర పెట్టుకుందాం’ అనాలి. చర్మంలోకి వెళ్ళిన ఇంక్ రేణువులను మ్యాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు మింగి పట్టుకుంటాయి. ఆ కణాలు చనిపోతే కొత్తవి ఆ రేణువులను అందుకుంటాయి. ఇలా చేతులు మారే కొద్దీ గీత కాస్త కాస్త పరుచుకుంటుంది. ఈరోజు పదునుగా కనబడే ‘మ’ లోపలి ఖాళీ కొన్నేళ్ళకు మూసుకుపోతుంది, మవత్తు నల్లని మచ్చవుతుంది. లోపలి ఖాళీ గీత మందానికి కనీసం మూడింతలు ఉండేలా గీయించుకుంటే అక్షరం చాలాకాలం చదవగలిగేలా ఉంటుంది.

అక్షరదోషం ఇంకా పెద్ద గండం. చాలామంది ఆర్టిస్టులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు సరిగా అతకదు. ‘ప్రేమ’ కాస్తా ‘ప్‌రేమ’ అవుతుంది, ‘శ్రీ’ విడిపోయి ‘శ్‌రీ’ అవుతుంది. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లతో కొట్టిన ఫైలు అయితే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గుర్తులుగా తెరుచుకుంటుంది. దాన్ని చూసి మళ్ళీ టైపు చేసేటప్పుడు ఒత్తులు జారిపోతాయి. ‘ధ’ కింద చిన్న నిలువు గీత పోతే ‘ధనలక్ష్మి’ ‘దనలక్ష్మి’ అవుతుంది. ‘భ’ కింది గీత మరిచిపోతే ‘భార్గవి’ ‘బార్గవి’గా మారుతుంది. ‘లక్ష్మి’లో ఒక్క క కే పైన గుడి, కింద షవత్తు, దాని తర్వాత మవత్తు ఉండాలి, చిన్న సైజులో మొదట మాయమయ్యేది ఆ మవత్తే. తెలుగు రాని ఆర్టిస్టు దగ్గరైతే ఈ ప్రమాదం రెట్టింపు. మన ఊళ్ళనుంచి బెంగళూరు పోయి వేయించుకునేవాళ్ళు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, అక్కడ చేతిపని గొప్పగా ఉండొచ్చు గానీ ఒత్తు చూసుకునే బాధ్యత పూర్తిగా మీదే. మీ ఫోన్‌లో మీరే టైపు చేసి, స్క్రీన్‌షాట్ తీసి పంపండి. స్టెన్సిల్ (సూది దిగేముందు చర్మం మీద అచ్చుగా దింపే గీతల నమూనా) అంటించాక ఫోటో తీసి, తెలుగు బాగా చదివే ఇంకొకరికి పంపి చదివించండి. అది చదివేదాకా మిషన్ ఆన్ చేయవద్దని చెప్పండి.

స్టెన్సిల్ అంటించేటప్పుడు మీరు నిలబడి ఉండాలి, చేయి మామూలుగా కిందికి వేలాడాలి. బెడ్డు మీద పడుకోబెట్టి చేయి తిప్పి అంటిస్తే, లేచి నిలబడ్డాక వాక్యం పక్కకు మెలితిరుగుతుంది. అంటించాక పది, పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. మే నెలలో మన ఎండకు చెమట పట్టిన చర్మం మీద తొందరపడి మొదలుపెడితే, ఇంక్ తుడిచిన ప్రతిసారీ స్టెన్సిల్ గీత చెరిగిపోతుంది, చివరి సగం అంచనాతోనే వేయాల్సి వస్తుంది. అక్షరం వంకర పోవడానికి సగం కారణం ఇదే. నచ్చకపోతే స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ అంటించమనండి. మూడుసార్లు తుడిపించినా విసుక్కోని మనిషి దగ్గర ధైర్యంగా కూర్చోవచ్చు.

పాత ఫోటోలు అడగడం మరిచిపోకండి. అప్పుడే వేసిన టాటూ అందరిదీ నల్లగా, పదునుగానే ఉంటుంది, పైగా ఫిల్టర్లు పెడతారు. మానిన తర్వాత, ఆరు నెలలకో ఏడాదికో తీసిన ఫోటోలు చూపించమనండి. ఒకటి కూడా లేదంటే, వేసిన పని తర్వాత ఏమైందో ఆ ఆర్టిస్టుకే తెలియదన్నమాట. ఇంటర్నెట్‌లో తీసుకున్న ఫోటోలు పట్టుకోవడం తేలికే: సొంత పనైతే అన్నింట్లో అదే బెడ్డు, అదే గోడ, అదే రంగు గ్లవ్స్ కనిపించాలి. మన చామనఛాయ చర్మం మీద వేసినవి ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. ఇంక్ చర్మానికి ఛాయనిచ్చే మెలనిన్ ఉండే పొరకు కింద నిలుస్తుంది కాబట్టి మన ఛాయలోంచే రంగు బయటికి కనబడుతుంది. నలుపు బాగా నిలుస్తుంది, ముదురు ఎరుపు పరవాలేదు. పసుపు, లేత గులాబీ, తెలుపు మాత్రం మానాక మసకబారుతాయి. ‘అన్ని రంగులూ మెరుస్తాయి’ అని హామీ ఇచ్చేవాళ్ళు తెల్ల చర్మం మీద వేసిన ఫోటోలే చూపిస్తారు. ఎరుపు ఇంక్‌కు అలర్జీ ఎక్కువగా వస్తుంది కాబట్టి దురద, దద్దుర్ల తత్వం ఉన్నవాళ్ళు నలుపుతోనే సరిపెట్టుకోవడం క్షేమం.

నాన్న బొమ్మ వేయించుకునేవాళ్ళకు ఒక మాట. దండ వేసిన పటంనుంచో, ఆధార్ కార్డునుంచో ఫోన్‌తో తీసిన ఫోటో ఇస్తే ఎంత గొప్ప ఆర్టిస్టయినా కళ్ళు ఊహించే వేయాలి, పోలిక తప్పేది అక్కడే. అసలు ప్రింటును స్కాన్ చేయించి ఇవ్వండి. బొమ్మను అరచేతికంటే చిన్న సైజులో వేయించుకోకండి.

ఇక టేబుల్ దగ్గరికి. ‘అన్నా, సూది పాకెట్ నా ముందర కోయండి’ అని అడగడంలో మొహమాటం వద్దు. పాకెట్ మీద లాట్ నంబరు, గడువు తేదీ, స్టెరిలైజ్ అయిందని చూపే రంగు గుర్తు ఉంటాయి. 1207 ఆర్ఎల్ అని ఉంటే 0.35 మిల్లీమీటర్ల మందం ఉన్న ఏడు సూదులు గుండ్రంగా కట్టిన లైనర్, అంటే గీతలు గీసే సూది అని అర్థం. 1003 అంటే 0.30 మందంతో మూడు సూదులు, సన్నని అక్షరాలకు వాడతారు. పాకెట్ కొత్తదైనా ఆగండి, ఇక్కడే చాలామందికి తెలియని లోపముంది. సూది అమర్చి మిషన్‌కు బిగించే చిన్న గొట్టాన్ని కార్ట్రిడ్జ్ అంటారు, దాని లోపల మెంబ్రేన్ అనే రబ్బరు పొర ఉండాలి. అది లేని చవక కార్ట్రిడ్జ్‌లో ఇంక్, రక్తం వెనక్కి జారి మిషన్ లోపలికి పోతాయి. అప్పుడు సూది కొత్తదే, మిషన్‌లో మాత్రం నిన్నటి మనిషి రక్తం. ‘మెంబ్రేన్ ఉన్నదేనా’ అని అడిగితే తెలిసినవాళ్ళు వెంటనే తీసి చూపిస్తారు.

స్టీలు గ్రిప్పులు, ట్యూబులు మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళ దగ్గర ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రం ఉండి తీరాలి: 121 డిగ్రీల ఆవిరి, 15 పౌండ్ల ఒత్తిడి, కనీసం 15 నిమిషాలు. డెటాల్‌లో నానబెట్టడం, వేడినీళ్ళలో ఉడికించడం దానికి సాటిరావు. నీలం లైటు పెట్టె చూపించి స్టెరిలైజర్ అంటారు, ఆ వెలుగు తగిలిన పైభాగం మీదే పనిచేస్తుంది, ట్యూబు లోపలికి పోదు. అన్నీ ఒక్కసారి వాడి పారేసేవే అయితే ఆటోక్లేవ్ లేకపోయినా తప్పులేదు.

నీళ్ళ సంగతి చాలామంది పట్టించుకోరు. షేడింగ్‌కు, అంటే నీడలా లేత రంగు నింపడానికి, నల్ల ఇంక్‌ను పలుచన చేస్తారు. ఆ నీళ్ళు ఎక్కడివి? ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళు తాగడానికి పనికొస్తాయి గానీ గాయంలోకి పనికిరావు. డిస్టిల్డ్ వాటర్ అన్నా చాలదు. అమెరికాలోని రోచెస్టర్‌లో 2011 చివర్లో ఒకే స్టూడియోలో వేయించుకున్న 19 మందికి మైకోబాక్టీరియం చెలోనీ అనే సూక్ష్మజీవి సోకింది, కారణం తయారీలోనే డిస్టిల్డ్ వాటర్‌తో పలుచన చేసిన బూడిదరంగు ఇంక్. మెడికల్ షాపులో దొరికే స్టెరైల్ వాటరో, సెలైనో మీ ముందే సీలు తీసి వాడాలి. ఇంక్‌ను పెద్ద సీసాలోంచి చిన్న కప్పుల్లోకి పోసుకుని, మిగిలింది పారబోయాలి. తిరిగి సీసాలో పోస్తే అక్కడే లేచి వచ్చేయండి.

పని నడుస్తున్నప్పుడు ఆర్టిస్టు చేతులను గమనించండి. ఫోన్ మోగితే గ్లవ్స్‌తోనే ఎత్తి, మళ్ళీ అదే చేత్తో మీ చర్మం లాగి పట్టుకుంటే పాకెట్ మీ ముందర కోసిన ఫలితం పోయినట్టే. స్ప్రే బాటిల్‌కు, మిషన్ వైరుకు, బెడ్డుకు ప్లాస్టిక్ కవరు చుట్టి ఉండాలి. వాసెలిన్‌ను డబ్బాలోంచి గ్లవ్స్ వేలితో కాకుండా పుల్లతో తీయాలి. వాడిన సూది గట్టి డబ్బాలోకే పోవాలి, చెత్తబుట్టలోకి కాదు. ఒక్క సిటింగ్‌కు రెండు మూడు కార్ట్రిడ్జ్‌లు, నాలుగైదు జతల గ్లవ్స్, కప్పులు, ప్లాస్టిక్ షీట్లు ఖర్చవుతాయి. మరీ తక్కువ రేటు చెప్పేవాళ్ళు వీటిలోనే ఎక్కడో మిగుల్చుకుంటున్నారు.

మంచి స్టూడియో మొదలుపెట్టేముందు ప్రశ్నలు వేస్తుంది. పద్దెనిమిదేళ్ళు నిండాయా, షుగరుందా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నారా, గాయాలు మానితే గడ్డకట్టినట్టు ఉబ్బుతాయా, గర్భవతా అని అడగాలి. ఇంకో ప్రశ్న మన జిల్లాల్లో తప్పనిసరి: ‘సైన్యానికి గానీ, సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి వాటికి గానీ వెళ్ళే ఆలోచన ఉందా తమ్ముడూ?’ సైన్యంలో శాశ్వత టాటూ మోచేతి లోపలినుంచి మణికట్టుదాకా ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక మాత్రమే ఒప్పుకుంటారు. కేంద్ర సాయుధ బలగాల్లో సెల్యూట్ చేయని ఎడమ ముంజేతి లోపలి వైపు, అరచేతుల వెనక భాగం మీద మాత్రమే, అదీ ఆ భాగంలో నాలుగోవంతుకు మించకుండా ఉండాలి. తెల్లవారుజామున గ్రౌండులో పరుగు పెట్టే పిల్లాడికి కుడి భుజం మీద పులి వేసి పంపితే వాడి రెండేళ్ళ కష్టం మెడికల్‌లో పోతుంది. ఈ ప్రశ్న అడగకుండా వేసే స్టూడియోకు ఎంత పనితనం ఉన్నా మంచి పేరు పెట్టలేం. వేయించుకునే ముందు తాజా నోటిఫికేషన్ చదువుకోండి. రక్తదానం చేసేవాళ్ళు టాటూ తర్వాత ఏడాది ఆగాలి.

కాలం కూడా చూసుకోండి. నవంబరునుంచి ఫిబ్రవరిదాకా మనకు అనువైన రోజులు. పైన అంటించే పారదర్శక ఫిల్మును మామూలుగా మూడునుంచి ఐదు రోజులు ఉంచొచ్చంటారు, మన వేసవిలో చెమట దానికింద చేరి పుండవుతుంది. అంచు లేచినా, కింద నీరు కదిలినా తీసేసి, రోజుకు రెండుసార్లు వాసనలేని సబ్బుతో కడిగి, మెత్తని కాగితంతో అద్ది, లేపనం పలచగా రాయాలి. పసుపు, కొబ్బరినూనె వద్దు. నాలుగో రోజునుంచి పొట్టు లేస్తుంది, గిల్లకండి. గిల్లినచోట రంగు పోతుంది. మూడు వారాలు కేసీ కాలువలో, బావిలో ఈత మానేయాలి. బైకు మీద పోతే పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఎరుపు రోజురోజుకూ విస్తరిస్తున్నా, చీము, జ్వరం వచ్చినా టాటూ వేసినవాళ్ళను కాదు, డాక్టరును కలవండి. రెండు మూడు వారాల తర్వాత షేడింగ్ ఉన్నచోట మాత్రమే చిన్న చిన్న గుల్లలు వస్తే చర్మవైద్యుడికి టాటూ సంగతి తప్పక చెప్పండి, రోచెస్టర్ లాంటి కేసులు అలాగే మొదలవుతాయి.

టచప్, అంటే మానాక రంగు పోయినచోట మళ్ళీ దిద్దడం, రేటులో కలిసి ఉందా లేదా ముందే మాట్లాడుకోండి. నాలుగునుంచి ఆరు వారాలు దాటాకే దానికి పోవాలి, వారానికే రమ్మంటే పచ్చి చర్మం మీద మళ్ళీ పొడుస్తారు. డబ్బు ఇచ్చేటప్పుడు బిల్లు వెనక వాడిన ఇంక్ పేరు, రంగు, లాట్ నంబరు రాయించుకుని సీసా ఫోటో తీసుకోండి. తర్వాతెప్పుడైనా అలర్జీ లేస్తే చర్మవైద్యుడికి ఆ కాగితం అవసరమవుతుంది.