నోట్స్ స్టాండు తీసేశాక: ట్యాబ్లెట్ క్లాంపు, కాలి పెడల్ వాడకంలో ఎలా ఉన్నాయి?

ఒక్కరే గిటారు పట్టుకుని పాడేటప్పుడు జనానికి కనిపించేదంతా మనమే. ఆ మనిషికి అడ్డంగా పాటల కాగితాలతో వెడల్పాటి స్టాండు నిలబెట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. అందుకే మైకు స్టాండు గొట్టానికి బిగించే ట్యాబ్లెట్ క్లాంపు, పేజీలు తిప్పే బ్లూటూత్ పెడల్ కొన్నాను. కొన్నేళ్లుగా ఇవే వాడుతున్నాను.

అసలు లాభం ఫొటోల్లో తెలిసింది. ఇదివరకు మెడ కింద నల్లటి పలక ఒకటి కనిపించేది. ఇప్పుడు గిటారు, రెండు చేతులు పూర్తిగా కనిపిస్తున్నాయి. నేను కుడిచేతి వాటం కాబట్టి క్లాంపును ఎడమవైపు, ఛాతీ కంటే కిందకు బిగిస్తాను. చూపు అటు వెళ్లినా ఫ్రెట్‌బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే పట్టీ) చూసుకుంటున్నట్టే ఉంటుంది. గిటారు తల తగలకుండా జానెడు ఎడం మాత్రం వదలాలి.

తెర వెలుగు సంగతి ఎవరూ చెప్పరు. చీకటి వేదిక మీద తెల్లటి పేజీ తెరిస్తే వెలుగు కింది నుంచి ముఖం మీద పడి దెయ్యం సినిమాలా ఉంటుంది. కళ్లద్దాలుంటే అందులో పాట మొత్తం ప్రతిబింబిస్తుంది. నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలు పెట్టుకుని, వెలుగు బాగా తగ్గించాలి. పగటిపూట ఆరుబయట కచేరీకి మాత్రం ఇది పనికిరాదు. ఎండలో అక్షరాలు కనిపించవు, వేడెక్కితే ట్యాబ్లెట్ తనంతట తానే ఆగిపోతుంది. అక్కడికి నేను కాగితాలే తీసుకెళ్తాను.

పెడల్ మీద నాకు సగం సంతృప్తే. చెయ్యి తీగల మీద నుంచి తీయనక్కర్లేదన్నది నిజమే. కానీ ట్యాబ్లెట్ దాన్ని కీబోర్డుగా గుర్తిస్తుంది కాబట్టి, ఎవరైనా పాట అడిగినప్పుడు పేరు కొట్టి వెతుకుదామంటే నా ట్యాబ్లెట్‌లో తెర మీద కీబోర్డు రాదు! పాటల జాబితా ముందే వరుసగా పేర్చుకోవడం మేలు. మందపాటి అడుగున్న బూట్లతో మీట నొక్కిందీ లేనిదీ తెలియదు, నున్నటి నేల మీద అది జారిపోతుంది. గాఫర్ టేపు వేస్తే కదలదు. గుడ్డ టేపు, మెరవదు, తీసినప్పుడు సాధారణంగా జిగురు మిగలదు. వైర్లకూ అదే వాడుతున్నాను.

క్లాంపు రబ్బరు అరిగాక ట్యాబ్లెట్ పాట మధ్యలో మెల్లగా తల వంచేస్తుంది. మూడు కాళ్ల స్టాండయితే బరువు ఏదో ఒక కాలి మీదుగా ఉండేలా తిప్పాలి, లేదంటే ఒరిగిపోతుంది.

ఇంత చేసినా కళ్లు తెరకే అతుక్కుంటే స్టాండు తీసేసిన ఫలితం దక్కదు. నేను పాట మొత్తం పెట్టుకోను. ప్రతి చరణం మొదటి మాటలు, శ్రుతి, కేపో (శ్రుతి పెంచడానికి తీగల మీద బిగించే క్లిప్పు) ఎక్కడ పెట్టాలో, అంతే. కంఠస్థం వచ్చిన పాటలతోనే కచేరీ నడిపేవాళ్లకు ఈ రెండూ అక్కర్లేదు. ఆ డబ్బుతో, వెనక నల్ల తెరలో కలిసిపోని రంగు చొక్కా కొనుక్కోవచ్చు.